లేని చిప్పు లెక్కలు

1993 జనవరి 18, మేడ్చల్

బోర్డులు వచ్చాయి. చిప్పులు రాలేదు.

ప్రతి బోర్డు మీదా ప్రాసెసర్ పక్కన లెక్కల చిప్పు కూర్చోవలసిన సాకెట్ ఖాళీగా ఉంది. బొంబాయి ఏజెంటు ఇప్పట్లో దొరకవన్నాడు. దశాంశాల లెక్కలన్నీ ఆ చిప్పే చేయాలి. అది లేకపోతే గాలిలో తేమను లెక్కగట్టే ప్రోగ్రాం మొదటి గుణకారం దగ్గరే ఆగిపోతుంది. దాన్ని తిరగరాద్దామన్నా వీల్లేదు. అది బయట కొన్నది, దాన్ని రాసిన మూలం మా దగ్గర లేదు.

అలియాబాద్ హ్యాచరీకి ఫోన్ చేసి, గుడ్లు పొదిగే మిషన్‌కు వేడి, తేమ చూసుకునే కంట్రోలర్ ఆలస్యమవుతుందని చెబుదామన్నాను. అన్న వద్దన్నాడు. ఖాళీ సాకెట్ మీద వేలు పెట్టి, "దీంట్ల చిప్పు ఉన్నట్టే నడిపిస్త. చిప్పు ఉన్నదనుకొనే నీ ప్రోగ్రాం రాసుకో లతా" అన్నాడు.

సర్కారు కంపెనీలో ఉద్యోగం వదిలి ఈ షెడ్డు పెట్టాక అన్న ఇంత హుషారుగా మాట్లాడగా నేను వినలేదు. సరే అన్నాను.

జనవరి 21

వదిన తను పాఠాలు చెప్పే బౌరంపేట బడి నుంచి వచ్చి, చేతిలో టీ గ్లాసుతో నా పక్కన కూర్చుంది.

"లేని చిప్పును ఉన్నట్టు ఎట్ల నమ్మిస్తడే మీ అన్న?"

"ప్రాసెసర్‌కు తెల్వని ఆర్డర్ వస్తే, ఇది నాతోని కాదని అది ఒక పిలుపు పిలుస్తది వదినా. ఆ పిలుపు అన్న ప్రోగ్రాముకు పోతది. అన్న ప్రోగ్రాం ఆ ఆర్డర్ ఏందో చదివి, మామూలు కూడికలు తీసివేతలతోనే లెక్క చేసి, జవాబు పెట్టి ఎనకకు వస్తది. అడిగిన ప్రోగ్రాముకు చిప్పు లేదన్న సంగతే తెల్వది."

"అంటే మోసమే గద."

"జవాబు సరైందైతే మోసమెట్లయితది? కాకపోతే మస్తు నిదానంగ అయితది. గుడ్లకు తొందరేమున్నది?"

"గుడ్లకు లేదు. మీ అన్నకే ఉన్నది" అని లేచి వెళ్ళింది.

ఫిబ్రవరి 6

కూడిక, తీసివేత, గుణకారం అయ్యాయి. అన్న బీపీ మాత్రలు వేసుకోవడం మరిచిపోతున్నాడని వదిన నా మీద కేకలేసింది.

మూడున్నరకు వందలో రెండు కలపాలంటే ముందు చుక్కలు రెండూ ఒక వరసలోకి జరపాలి, కలపాలి, మళ్ళీ చుక్కను దాని చోటుకు తేవాలి, మిగిలిన చివరి అంకెను పైకి సవరించాలా కిందికా అని చూడాలి. చిన్నప్పుడు పలక మీద చేసినట్టే. ఒక్క కూడికకే అన్న రాసింది రెండు పేజీలు. చదివి చూస్తానంటే, "అంతా అయినంక చూద్దువు తియ్" అన్నాడు.

నా పని వేరు. బోర్డు మీది గడియారం పిలిచినప్పుడల్లా సెన్సార్ చదివి, దాన్ని డిగ్రీల్లోకి మార్చి పక్కన పెట్టాలి. సగటు, తేమ లెక్కలు మామూలుగా నడుస్తుంటాయి. వాటి మధ్యలో గడియారం పిలిస్తే, చిప్పులో ఉన్న అంకెలన్నీ ముందు దాచిపెట్టి, నా లెక్క చేసుకుని, ఉన్నవి ఉన్నట్టు తిరిగి పెట్టి రావాలి. చిప్పు పుస్తకంలో అలాగే ఉంది. అలాగే రాశాను.

ఫిబ్రవరి 20

తేమ లెక్కకు కావలసిన లాగరిథం కూడా అయింది. అన్న జిలేబీ తెచ్చాడు.

ఫిబ్రవరి 23

సికింద్రాబాద్‌లో అన్న పాత దోస్తు జనార్ధన్ దగ్గర నిజం చిప్పున్న కంప్యూటర్ ఉంది. అవే లెక్కలు అక్కడా ఇక్కడా చేయించి పక్కపక్కన పెట్టి చూశాం. చివరి అంకె వరకూ ఒకటే. జనార్ధన్ గారు అన్న భుజం మీద చెయ్యేసి, "కంపెనీల ఉన్నన్ని దినాలు నీ విలువ ఎవ్వరు తెలుసుకోలేదురా" అన్నారు.  తిరుగు బస్సులో అన్న మేడ్చల్ వచ్చేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు.

మార్చి 2

బల్ల మీద పెట్టి నడుపుతున్నాం. చెక్కపెట్టెలో ఒక బల్బు, సెన్సార్, గాజు థర్మామీటర్. పెట్టెలో వేడి ముప్పై ఏడున్నర దగ్గర నిలబడాలి. పొద్దుటి నుంచీ నిలబడింది. మధ్యాహ్నం నేను చూస్తుండగానే తెర మీద అంకె ఒక్కసారిగా ఇరవై తొమ్మిదికి పడిపోయి, మెల్లగా పైకి రావడం మొదలుపెట్టింది. గాజు థర్మామీటర్ మాత్రం కదల్లేదు.

అన్నను పిలిచాను. "కరెంటు" అన్నాడు, తల ఎత్తకుండానే.

మార్చి 3

కరెంటే అయి ఉంటుంది. నిన్న రెండుసార్లు పోయి వచ్చింది.

మార్చి 9

మళ్ళీ పడింది. ఈసారి కరెంటు పోలేదు. వోల్టేజీ తగ్గి ఉంటుంది. ట్యూబ్‌లైటు మిణుకుమన్నట్టు అనిపించింది.

అన్నకు చెప్పలేదు. డాక్టరు మాత్రలు పెంచాడట. ఈ హ్యాచరీ పని పోతే షెడ్డు మూసుకోవడమేనని వదినతో అంటుంటే విన్నాను. అయినా కరెంటుకు అన్న ఏం చేస్తాడు?

మార్చి 15

అలియాబాద్‌లో బిగించి వచ్చాం. హ్యాచరీ యజమాని దుర్గాబాయి. భర్త పోయాక ఆమే నడుపుతోంది. గట్టి మనిషి. తీగలు గోడకు సరిగ్గా కొట్టలేదని రెండుసార్లు విప్పించింది.

పొదిగే గదిలో పగలంతా ఉండేది ఎంకయ్య. వాళ్ళది శామీర్‌పేట, చెరువులో చేపలు పట్టే ఇల్లు. పొద్దున్నే వల తీసి వచ్చి ఇక్కడ పనిలో చేరతాడట.

"ఇన్నిటిల నేను ఏది చూడాలె బిడ్డా?" అని అడిగాడు.

"ఈ అంకె చూడు చాలు. ముప్పై ఏడున్నర. తక్కువైతే మిషనే వేడి చేసుకుంటది. నువ్వు ముట్టుకోకు."

"ముట్ట" అన్నాడు, చేతులు వెనక్కి పెట్టుకుని.

అన్నకు ఆ సమాధానం నచ్చింది. దారంతా నవ్వుతూనే ఉన్నాడు.

మార్చి 27

అంతా బాగుందని దుర్గాబాయి ఫోన్. తన చుట్టం ఒకాయనకు కూడా ఇలాంటిదే కావాలట.

ఏప్రిల్ 6

అలియాబాద్ పొదిగే మిషన్‌లో గుడ్లన్నీ పోయాయి.

దుర్గాబాయి సాయంత్రం ఫోన్ చేసింది. మధ్యాహ్నం ఎవరో తలుపు తీస్తే మొహాన సెగ కొట్టిందట. లోపలి గాజు థర్మామీటర్ నలభై రెండు దాటి ఉంది. గుడ్లను లైటుకు పట్టి చూస్తే ఒక్కదాంట్లోనూ కదలిక లేదు. ఎంకయ్య స్టూల్ మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడట. అన్నం తిని పడుకున్నాడని ఆమె అంటోంది. తలుపు తెరిచి పెట్టి గుడ్లన్నీ చూశాక తెర చూస్తే అంకె సరిగ్గానే ఉందట.

అన్న ఫోన్ పెట్టేసి కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుంటూ, "మన మిషన్‌ది తప్పు కాదట" అన్నాడు.

ఏప్రిల్ 7

ఎంకయ్యను పనిలోంచి తీసేశారు.

ఏప్రిల్ 8

మన మిషన్ తప్పు కాదు.

ఏప్రిల్ 10

మళ్ళీ ఎప్పుడు గుడ్లు పెడతారో కనుక్కుందామని నేనే దుర్గాబాయికి ఫోన్ చేశాను. నిన్నే పెట్టారట. మాటల్లో అడిగాను, ఎంకయ్య ఏమన్నాడని.

"ఏమంటడు? మిషన్ల సల్లగుందని చూపెడ్తాందమ్మా అన్నడు. ముప్పై ఉండెనట. వేడి అదే చేసుకుంటదని ముట్టలేదట. లోపల ఉడుకుతాంటె బయట ముప్పై ఎట్లుంటది? పండుకొని లేసి నోటికొచ్చింది చెప్పిండు."

ఫోన్ పెట్టేశాక అక్కడే నిలబడ్డాను.

ముప్పై అన్న అంకె అతనికి ఎలా తోస్తుంది? అబద్ధమాడేవాడు ముప్పై ఏడున్నర అంటాడు. మిషన్ బాగానే ఉందంటాడు.

నేను బల్ల మీద రెండుసార్లు చూసిందీ అదే.

ఏప్రిల్ 12

దొరికింది.

అన్న పనిమీద సికింద్రాబాద్ వెళ్ళాడు. కరెంటు మీద నెపం లేకుండా బోర్డును బ్యాటరీ మీద పెట్టాను. అప్పుడొకసారి ఇప్పుడొకసారి వచ్చేదాన్ని ఎదురుచూస్తూ కూర్చోలేం. అందుకని గడియారాన్ని మామూలు కన్నా ఎన్నో రెట్లు వేగంగా పిలిచేలా మార్చాను. తెచ్చుకున్న టీ చల్లారకముందే అంకె పడిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ పడింది. గడియారాన్ని ఆపేసి చూశాను. ఎంతసేపు కూర్చున్నా పడలేదు.

అన్న బీరువాలోంచి కాగితాలు తీసి మొదటిసారి చదివాను.

చిప్పులో కూడిక ఒకటే అడుగు. మొదలైందంటే అయిపోవాల్సిందే. గడియారం పిలిచినా అది అయ్యాకే పలుకుతుంది. అన్న కూడిక రెండు పేజీలు. ఆ పేజీల మధ్యలో గడియారం పిలుస్తుంది. నా లెక్క లేస్తుంది. చిప్పులో ఉండవలసినవన్నీ నేను దాచే పెడుతున్నాను. కానీ అన్న చిత్తు లెక్క వేసుకునే జాగా వాటిలో లేదు, విడిగా ఉంది. అది ఒక్కటే ఉంది. నా లెక్కకూ చిత్తు అక్కడే పడుతుంది. నేను తిరిగొచ్చేసరికి అన్న సగం లెక్క మీద నా అంకెలుంటాయి. ఆయన ప్రోగ్రాం అవి తనవే అనుకుని మిగతా సగం పూర్తి చేస్తుంది.

ఆ తప్పుడు జవాబు సగటులోకి పోతుంది. చల్లగా ఉందనుకుని మిషన్ హీటర్ వేస్తుంది. సగటు నిదానంగా కోలుకునేదాకా హీటర్ వెలుగుతూనే ఉంటుంది. అంత తప్పుడు అంకె వస్తే నా ప్రోగ్రాం అనుమానించి గంట కొట్టాలి. అలాంటిది నేను రాయలేదు.

సాయంత్రం అన్న వచ్చాక చెప్పాను. సగం వినే ఆపాడు.

"గడియారం పిలిచినప్పుడు దశాంశాల లెక్క జేయమని నీకెవరు చెప్పిండ్రు?"

"చిప్పుంటే చేయొచ్చన్నా. చిప్పు ఉన్నదనుకొనే రాసుకో అన్నది నువ్వే."

"నా లెక్క తప్పని చూపెట్టు. ఒక్క లెక్క చూపెట్టు. జనార్ధన్ దగ్గర చివరి అంకె దాకా కలిసిందా లేదా?"

"కలిసింది. అప్పుడు మధ్యల ఎవ్వరు పిలువలేదు."

"కరెంటు అది. ఎన్నిసార్లు చెప్పాలె?"

"బ్యాటరీ మీద పెట్టిన. వచ్చి చూడు."

చూడలేదు. చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 13

అన్న మాట్లాడటం లేదు. అన్నం దగ్గర కూడా.

ఏప్రిల్ 15

వదిన అడిగింది, ఏమైందే మీ ఇద్దరికి అని. చెప్పాను. ఆమె చాలాసేపు చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది.

"మీ అన్న తప్పు ఒప్పుకుంటే ఆయనకేమన్నా అయితదేమో అని నాకు భయం."

"నాకూ అదే భయం వదినా."

"మరి పని పోయిన ఆ మనిషి సంగతి?"

ఎంకయ్య పేరు కూడా ఆమెకు తెలియదు.  అలియాబాద్‌లో మిషన్ ఇంకా నడుస్తోంది. లోపల కొత్త గుడ్లున్నాయి.

ఏప్రిల్ 16

అన్నకు చెప్పకుండా అలియాబాద్ వెళ్ళాను. శామీర్‌పేట దాకా జీపు, అక్కణ్ణుంచి కరీంనగర్ బస్సు.

దుర్గాబాయి వెనక ఆవరణలో ట్రేలు కడిగిస్తోంది. పనివాళ్ళు పక్కకు పోయేదాకా ఆగలేకపోయాను. అందరి ముందే చెప్పేశాను.

"అమ్మా, ఎంకయ్య పండుకోలేదు. మిషనే తప్పు చూపెట్టింది. ఆయన ముప్పై చూసింది నిజమే."

చేతిలో ట్రే కింద పెట్టింది. "మీ అన్న పంపిండా?"

"లేదు. నేనే వచ్చిన."

"ఆయనకు ఎరుకనా ఈ సంగతి?"

"ఎరుకే. ఒప్పుకుంటలేడు."

"రాసినాయిన ఒప్పుకోనిది నేనెట్ల నమ్మాలె?"

"నమ్మకున్నా సరే, ముందుగాల మిషన్ బందు పెట్టున్రి. మళ్ల ఎప్పుడు పడ్తదో చెప్పలేను. ఇయ్యాల పడొచ్చు, పది దినాలకు పడొచ్చు. లోపల గుడ్లున్నయి."

 ఆమె చేతులు చీర కొంగుకు తుడుచుకుని గదిలోకి నడిచి, తనే మా కంట్రోలర్ స్విచ్ ఆపేసి, పాత థర్మోస్టాట్ తీగ కలిపించింది. మీ డబ్బా ఎత్తుకుపొమ్మని చెప్పు మీ అన్నకు, అంది. నేను గుమ్మం దాటుతుంటే మాత్రం, ఎవరితోనూ కాదన్నట్టు, "అందరి ముందల తిట్టిన ఎంకయ్యను" అంది.

తిరుగు దారిలో శామీర్‌పేటలో దిగి ఎంకయ్య ఇల్లు అడుగుతూ వెళ్ళాను. అతను ఇంటి ముందు కూర్చుని వల చిక్కు తీస్తున్నాడు. భార్య శివమ్మ గడపలో ఉంది. నన్ను చూసి లేచాడు. మళ్ళీ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు, ఆ రోజు గదిలో పెట్టుకున్నట్టే.

చెప్పాను. చిప్పులూ చిత్తు లెక్కలూ ఏమీ చెప్పలేదు. మిషన్ తప్పు అంకె చూపించింది, నువ్వు చూసింది నిజం, నువ్వు పండుకోలేదు. ఇంతే.

సంతోషిస్తాడనుకున్నాను. అతను మెల్లగా అరుగు మీద కూర్చున్నాడు.

"ఆ దినం గట్టిగనే చెప్పిన బిడ్డా, పండలేదని. అందరు పండినవ్ పండినవ్ అనబట్టిరి. రెండు మూడు దినాలకు నాకే అనుమానమైంది. కన్ను అంటుకున్నదేమో, నాకే తెల్వలేదేమో అని. ఆ ముప్పై గూడ కలల చూసిననేమో అనుకున్న."

శివమ్మ గడపలోంచే అంది. "నేను గూడ అన్న. పొద్దుగాల్ల లేస్తవ్, చెరువుకు పోతవ్, కునుకు పట్టే ఉంటది, ఎందుకు వాదులాడుతున్నవ్ అని."

శివమ్మ మంచినీళ్ళిచ్చింది. తాగి వచ్చాను.

ఏప్రిల్ 17

అన్నకు చెప్పాను. కోపం రాలేదు. దానికే నాకు ఎక్కువ భయమేసింది.

"నాకు చెప్పకుండ పోయినవ్."

"చెప్తె పోనిస్తుంటివా?"

 "దుర్గాబాయమ్మ ఏమన్నది?" అన్నాడు. డబ్బా ఎత్తుకుపొమ్మంది అన్నాను. "ఎంకయ్య?" అన్నాడు. అతను అన్న మాటలు ఉన్నవున్నట్టు చెప్పాను. తనే కలగన్నానేమో అనుకున్నాడన్న చోట అన్న నా వైపు చూడటం మానేశాడు.

ఏప్రిల్ 19

అన్న పొద్దున్నే అలియాబాద్ వెళ్ళి కంట్రోలర్ విప్పి తెచ్చాడు. అక్కడ ఏం మాటలు పడ్డాడో చెప్పలేదు. దాన్ని బల్ల మీద పెట్టి, "నీ పరీక్ష పెట్టు. చూడాలె" అన్నాడు.

పెట్టాను. అంకె పడింది. ఇంకోసారి పెట్టమన్నాడు. పడింది. తర్వాత తన కాగితాలు తెచ్చుకుని, కూడిక ఉన్న పేజీల మీద వేలు పెట్టి, పెదవులు కదిలిస్తూ చదివాడు. సగంలో వేలు ఆగింది.

"ఇక్కడ పిలిస్తే" అన్నాడు.

"ఆ."

"పోయింది ఇగ."

"ఆ."

"పిలుపులు రాకుండ తలుపు బిగిద్దామనే అనుకున్న లతా. లాగరిథం మస్తుసేపు నడుస్తది, అంతసేపు బిగిస్తే సెన్సార్ నుంచి వచ్చేటివి పోతయని తెరిచే పెట్టిన." వేలు కాగితం మీంచి తీసి, "చిప్పుకు ఆ బాధ లేదు" అన్నాడు.

నా వైపు దిద్దుబాటు ఎక్కడ చేయాలో నేను చెప్పాను. గడియారం పిలిచినప్పుడు ఊరికే అంకె చదివి పక్కన పెట్టుకోవాలి. లెక్కేమీ చేయకూడదు. డిగ్రీల్లోకి మార్చడం తర్వాత తీరిగ్గా. వింటూ తల ఊపాడు. ఇద్దరం కలిసి రాశాం. అసంభవమైన అంకె వస్తే గంట కొట్టేది కూడా పెట్టాం. కంప్యూటర్‌తో సంబంధం లేకుండా, వేడి దాటితే హీటర్‌ను నేరుగా కోసేసే స్విచ్ ఒకటి విడిగా ఉండాలని అన్నే అన్నాడు.

ఏప్రిల్ 22

దిద్దిన ప్రోగ్రాం వేగంగా పిలిచే గడియారంతో మూడు రోజులుగా నడుస్తోంది. పడలేదు.

దుర్గాబాయి చుట్టం తనకు వద్దని కబురు పంపాడు. షెడ్డు సంగతి ఏమవుతుందో తెలియదు. దుర్గాబాయి ఎంకయ్యకు పనిలోకి రమ్మని కబురు చేసిందట. అతను ఇంకా రాలేదట.

ఏప్రిల్ 25

ఎంకయ్యనూ శివమ్మనూ అన్న జీపులో షెడ్డుకు తీసుకొచ్చాడు. ఎప్పుడు వెళ్ళాడో నాకూ వదినకూ చెప్పలేదు.

కుర్చీలు వేశాం. శివమ్మ కూర్చోలేదు. అన్న చెక్కపెట్టె ముందు నిలబడి, బడిలో పాఠం అప్పజెప్పే పిల్లాడిలా అన్నాడు: "ఎంకయ్యా, ఇది నేను రాసిన పాత ప్రోగ్రాం. అలియాబాద్‌ల నువ్వున్న దినం నడిచింది ఇదే. జర జల్దీ తప్పేటట్టు గడియారం ఒక్కటి మార్చినం. ఇంకేం మార్చలేదు. చూడు."

మీట తనే నొక్కాడు.

తెర మీద ముప్పై ఏడున్నర. వదిన టీ తెచ్చింది. ఎంకయ్య గ్లాసు పట్టుకున్నాడు కానీ తాగలేదు, కన్ను తిప్పలేదు. అంకె పడింది. ముప్పై. పెట్టెలో బల్బు నిండుగా వెలిగింది. గాజు థర్మామీటర్‌లో పాదరసం పైకి పాకడం మొదలుపెట్టింది. తెర మీద మాత్రం ముప్పై, ముప్పై, కాసేపటికి ముప్పై ఒకటి.

ఎంకయ్య గ్లాసు కింద పెట్టి, తెర దగ్గరగా వేలు తెచ్చి, ముట్టుకోకుండా ఆపాడు.

"గిదే. గిదే నేను చూసింది." తర్వాత వెనక్కి తిరిగి, "శివమ్మా, ఇటు రా. గా అంకె ఎంతున్నదో చదువు" అన్నాడు.

"ముప్పై ఒకటి" అంది శివమ్మ.

"పెట్టె మీద చెయ్యి పెట్టు."

పెట్టి, గబుక్కున తీసుకుంది. "మసుల్తాంది."

"మరి?"

ఆమె ఆ చెయ్యి చీరకు రాసుకుంటూ తెరనూ పెట్టెనూ మార్చి మార్చి చూసింది. ఆ తర్వాత మొగుడి మొహం చూసి, "పండలేదు నువ్వు" అంది.

"చెప్తనే ఉన్న గద."

 అన్న బల్బు ఆర్పబోయాడు. ఎంకయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇంకొక్కపాలి చూపెట్టు సారు."

అన్న మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. ఈసారి శివమ్మ కుర్చీ లాక్కుని ముందు కూర్చుంది.